అర మిల్లీమీటరు

దండాసి మహారాణా పైదవడ పన్ను
ఫిల్ము మీద ఇరవై ఒకటి.
బరంపురం వెళ్లి తీయించుకొచ్చిన స్కాన్‌లో ఇరవైన్నర.
వేరు కొస తగలగానే కుయ్‌మనే డబ్బా మాత్రం
ఇరవై దగ్గరే కూసింది.

ముగ్గురు సాక్షులు, ఒకటే చీకటి.

ఫిల్ముది నీడల చూపు.
ముందు వేరు వెనకదాన్ని కప్పేస్తుంది,
గోడ మీద ఇద్దరి నీడలు ఒక్కరిదైనట్టు.
స్కాన్ దొండకాయ చక్రాల్లా కోసి చూపించింది,
నేను లేదని రాసేసిన నాలుగో కాలవని.
కానీ పాత వెండి సిమెంటు పక్కన
దానికీ కళ్లు బైర్లు కమ్మేయి.
పైగా రెండు వేల ఐదొందలు, బస్సు చార్జీ, ఒక రోజు పని.

పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు చెక్కే మనిషి.
నోట్లో దూదితోనే అడిగేడు:
"కొలత కుదర్లేదా అమ్మా?"

కుదర్లేదన్నాను.

దూది తీసి చెప్పేడు.
కొమ్ము లోపల బోలు ఎందాకా ఉందో బయటికి తెలీదంట.
చీపురుపుల్ల వంపు దగ్గరే ఆగిపోయి అబద్ధమాడతాదంట.
నీళ్లు పోస్తే ఎంత పట్టిందో తెలుస్తాది, ఎంత దూరమో తెలీదు.
వాళ్ల నాన్న తడిపిన తాటినార దూర్చి,
గోటితో గుర్తెట్టి,
అప్పటికీ బియ్యపుగింజంత వదిలేసి కోసేవాడంట.

"వదలడం ఎందుకు?"
"కొంగకి ముక్కుండాలి కదమ్మా."

సన్నటి ఫైలు మీద రబ్బరు బిళ్లని
ఇరవైకి జరిపేను.
అర తగ్గించేను.

నొప్పెడితే చెయ్యెత్తుతానన్నాడు.
ఎత్తలేదు.
బొటనవేలి గోరు మాత్రం
కుర్చీ చేతి మీద
దేనికో గుర్తు పెడుతూనే ఉంది.