చెల్లుబాటు

పగలంతా లారీలు తూస్తాను.
ఎస్పెరెన్స్ రేవులో, వేబ్రిడ్జి గదిలో,
గాజు అవతల మూడేసి బోగీల ఎర్రటి ఖనిజం.
అంకె తెర మీద వణికి, ఆగి, రసీదై రాలుతుంది.
డ్రైవరు బొటనవేలెత్తి వెళ్ళిపోతాడు.

రాత్రి ఇంటికొచ్చి
పదహారు గ్రాములు తూస్తాను.

తెల్ల తొడుగులు. మెత్తటి గుడ్డ. వంగిన దీపం.
ప్లాస్టిక్ గూటిలో, వెండి అంచు మధ్య, నియోబియం చంద్రుడు:
నీలం, కొంచెం ఊదా, ఎక్కడో ఒకచోట నెమలి మెడ.
ఇందులో రంగన్నది లేదు, నమ్మండి.
కరెంటు తాకినప్పుడు లోహం తన మీద తాను కప్పుకున్న పొర,
అది ఎంత మందముంటే వెలుగు అంత వేషం మారుస్తుంది.
వాన నీటి మీద నూనె చుక్క చేసే పనే.

పిల్లలందర్నీ పోగొట్టుకుని
రాయైపోయాక కూడా ఏడుపాగని గ్రీకు తల్లి
పేరట దీనికి.
పక్క గూట్లో ఆమె తండ్రి, టాంటలం,
గొంతుదాకా నీళ్ళున్నా దప్పిక తీరనివాడు.
నా డ్రాయరులో తండ్రీ కూతుళ్ళు
రెండంగుళాల ఎడంలో, మాటల్లేకుండా.

ఇంకా ఉన్నాయి. టైటానియం రాకెట్టు.
ఉల్క పెంకు పొదిగిన వెండి బిళ్ళ.
అది అప్పు చేసి కొన్నాను, ఇందుమతికి చెప్పలేదు.
తర్వాత చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

అన్నీ చట్టప్రకారం చెల్లే డబ్బే.
నేనెన్నడూ చూడని దీవులు పూచీ పడ్డాయి:
రెండు డాలర్లు, అయిదు డాలర్లు.
ఒకసారి ఒకటి జేబులో వేసుకుని బేకరీకి వెళ్ళాను.
వరసలో నా వంతు వచ్చింది.
కార్డు తీశాను.

మా నాయనమ్మ చిల్లుకానీని
దిష్టికని మా చిన్నాన్న మొలతాడుకి కట్టిందట.
అదీ ఒక ఉద్యోగమే.

పక్కింటి బెరిల్ టాన్‌కార్డ్ కోళ్ళగూటి తలుపుకి
ఆనించి ఉంటుంది ఒక నల్లటి పెంకు.
డెబ్బై తొమ్మిదిలో అంతరిక్ష కేంద్రం ముక్కలై
ఈ చుట్టుపక్కల రాలినప్పుడు
వాళ్ళ గొర్రెల బీడులో దొరికిందట.
"మా ఆయన టోపీలో పెట్టుకొచ్చాడు, గుడ్డులాగా."
ఎంతకిస్తావని మూడేళ్ళుగా అడుగుతున్నాను.
నక్క వచ్చినా, గాలివాన వచ్చినా
ఆ పెంకు కదల్లేదు, ఆవిడా కదల్లేదు.

మొన్న ఏప్రిల్ ఇరవై అయిదున,
పబ్బు వెనక జనం పెన్నీలెగరేసి పందెాలాడే రోజున,
కంచె దగ్గరికొచ్చి అంది:
"నీ చంద్రుణ్ణి పట్రా.
బొమ్మ పడితే పెంకు నీది. బొరుసైతే వాడు నాకు."

గూడు తెరుస్తుంటే గోరు జారింది.
తొడుగుల్లేని అరచేతిలోకి మొదటిసారి.
అనుకున్నంత చల్లగా లేదు.
కీళ్ళవాతపు బొటనవేలితో ఆవిడ ఎగరేసింది.
నీలం, వెండి, నీలం, వెండి.
ఇన్నేళ్ళలో నా నాణెం ఏదీ గాలిలో తిరగడం
నేను చూడలేదు.

కంకర మీద పడి, దొర్లి, గూటి కిందికి పోయింది.
ఒక కోడి పొడిచి చూసి వదిలేసింది.
పైకి చంద్రుడు.
అప్పుడు గుర్తొచ్చింది, బొమ్మ ఏదో మేం అనుకోలేదు.
"రాణి తలే బొమ్మ" అంది బెరిల్.
చంద్రుడిదీ ముఖమేగా అన్నాను.
టీ చల్లారేదాకా వాదించుకున్నాం.
ఓడిపోయాను.

ఆదివారం గుడ్ల కోసం వెళ్ళాను.
డజను అయిదు డాలర్లు. పది నోటిచ్చాను.
రేకు డబ్బా గిలకొట్టి, వెతికి,
చిల్లర చేతిలో పెట్టింది.
నీలానికి అడ్డంగా ఒక గీత,
గీతలోంచి బూడిదరంగు,
నిజం చంద్రుడి రంగు.

రాత్రి తూచాను. పదహారే.
గీత బరువు నా కాటాకి అందలేదు.
తాళాలతో పాటు జేబులో వేసుకున్నాను.

పెంకు ఎంతకిస్తావని
సోమవారం మళ్ళీ అడిగాను.