ఏడో నంబరు

కాకినాడలో ఏడో నంబరు ఎగరేశారట.
కరెంటు పోయేదాకా టీవీలో ఢిల్లీ అరిచింది.
ఎవరు మద్దతు లాగేశారో
సువార్తమ్మక్క చెబుతూనే ఉంది.
నాకు గొలుసు లెక్క తప్పి
మూడు వరసలు విప్పాను.

అంతర్వేది వైపు నుంచి గాలి తిరిగింది.
పెంకొకటి లేచి వసారాలో పగిలింది.
దారపుండల్ని బియ్యం డబ్బాలో దాచాను.
తడిస్తే నర్సాపురం గుమస్తా తీసుకోడు,
ప్రభుత్వం పడినా తీసుకోడు.

చీకట్లో తడుముకుంటూనే
లేసు సూది ఆడించాను.

తెల్లారేసరికి కాలువ మా వీధిలో ఉంది.
సువార్తమ్మక్క చిన్న రేడియో చెవికి ఆనించి
"నిలబడింది" అంది.
తన ఇల్లా, ప్రభుత్వమా,
అడగలేదు నేను.

లేసుని వెలుతురుకి పట్టి చూశాను.
ఒక పువ్వుకి
ఆరు రేకుల బదులు ఏడు పడ్డాయి.
గుమస్తా లెక్కపెట్టకుంటే బావుణ్ణు.