గురువారం, పడవల సంఘం మేడ మీద

తెల్లారి లేచేసరికి
నా వేళ్లు నావి కావు.
రాత్రంతా ఉప్పునీళ్లలో నానబెట్టి
ఎవరో ఎండగట్టిన తాళ్లు.
కాఫీ గిన్నె ఎత్తడానికి రెండు చేతులు,
చొక్కా గుండీకి పది నిమిషాలు.
మెట్లు దిగాలంటే గోడని బతిమాలుకోవాలి.

కారణం చూస్తే ఇంతే:
పసుప్పచ్చ మాత్ర, శనగబద్దంత కూడా లేదు.
రొమ్ములో మొలిచినదాన్ని కోశారు, కాల్చారు,
అది మళ్లీ దారి వెతుక్కుంటూ రాకుండా
రోజుకొకటి, ఐదేళ్లు.
"కీళ్లు కొంచెం పట్టేయొచ్చు" అంది డాక్టరు
కాగితం మీంచి తలెత్తకుండా.

కొంచెం!
గలీసియా తీరంలో ముప్పై ఒక్క ఏళ్లు
నీళ్లు వెనక్కి తగ్గగానే నడుం వంచి
గొర్రుతో ఇసుక దువ్వి గుల్లలేరినదాన్ని,
నొప్పి నాకు కొత్త చుట్టమేం కాదు.
కానీ దానికో వేళ ఉండేది.
పోటొస్తే పని ఆగేది,
పని ఆగితే అదీ సర్దుకునేది.
దీనికి ఆటూ లేదు, పోటూ లేదు.

ఒక మాట. ఉబాల్దాకి మాత్రం చెప్పకండి.
మార్చిలో పంతొమ్మిది రోజులు మాత్ర మింగలేదు.
కుట్టుడబ్బాలో గుండీల మధ్య దాచాను.
పదిహేనో రోజుకి పిడికిలి ముడుచుకుంది.
ఎంత హాయి!
పంతొమ్మిదో రాత్రి
చంక కింద గాటు తడుముకుంటూ,
చీకట్లో ఎవరో తలుపు గడియ
మెల్లగా కదుపుతున్నట్టు
వింటూ పడుకున్నాను.

ఉబాల్దానే లాక్కెళ్లింది, గురువారాలకి.
మేడ మీద తారు వాసన గది,
తొమ్మిదిమంది ఆడవాళ్లం,
ఒక విగ్గు, మూడు టోపీలు,
కిటికీకి ఆగని వాన.
నేర్పే పిల్ల ఇరియా తాయ్ చీ అంది,
కొంగ రెక్క విప్పడమంది, గుర్రం జూలంది.
ఎరుందినా మొహం చిట్లించింది:
"మా దగ్గర గుర్రాలెక్కడివే తల్లీ,
మేం గుల్లలవాళ్లం."
ఆ పూటనించే పేర్లు మారిపోయాయి.
ఇది వల పరచడం.
ఇది తడి తాడు చుట్టడం.
ఇది జల్లెడ, మోకాళ్లు సడలించి
గాలినే ఇసుకలా అటూ ఇటూ.
చివరిది, మరీ చిన్న గుల్లని
మళ్లీ నీళ్లలోకి వదిలేయడం.

బతుకంతా పరుగున చేసిన పనే,
గొర్రు లేకుండా, బరువు లేకుండా, కూలీ లేకుండా.
"ఇంకా మెల్లగా" అంటుంది ఇరియా.
"నొప్పి ఇంట్లోకి వెళ్లొద్దు.
గుమ్మం దగ్గర ఆగి, ఊపిరి వదిలి, వెనక్కొచ్చేయండి."
పంటి బిగువున పనిచేయడమే తెలిసిన నాకు
ఆగడం చేతకాలేదు, మూడు వారాలు.

నాలుగో గురువారం
చెయ్యి పైకి లేస్తుంటే గాటు దగ్గర చర్మం లాగింది.
ఆగాను.
ఊపిరి పక్కటెముకల సందుల్లోకి దిగింది.
ఆటువేళ ఇసుక అడుగునించి
గుల్ల ఒక్క చిమ్ము నీళ్లు చిమ్మినట్టు
ఎక్కడో లోపల ఏదో నోరు విప్పింది.
కన్నీళ్లో చెమటో
ఎవరూ అడగలేదు.

తగ్గిందా అంటారు అందరూ.
పదికి ఎంత అంటుంది నర్సు.
ఎనిమిదుండేది. ఇప్పుడు ఐదు,
వాన పట్టిన రోజు ఆరు.
మిరపకాయల సీసా మూత నాకింకా లొంగలేదు,
పక్కింటి కుర్రాణ్ణి కేకేస్తాను.
గొర్రు తలుపు వెనకే ఉంది.
కుట్టుడబ్బాలో ఇప్పుడు గుండీలే ఉన్నాయి.

నిన్న నీళ్లు బాగా తగ్గాయి.
రబ్బరు బూట్లు తొడుక్కుని ఊరికే వెళ్లాను.
వంగిన వీపుల వరస చివర, నా పాత చోట,
పిక్కల లోతు నీళ్లలో నిలబడి
లేని జల్లెడ పట్టుకుని జల్లించాను.
పడవలోంచి ఎవడో అరిచాడు:
"దొసిండా! ఏం దొరికాయి?"
చేతులు ఆపకుండానే చెప్పాను:
"అన్నీ చిన్నవేరా.
వదిలేస్తున్నా."