ఏడో నంబర్ గదిల వంట వంతు

శనివారం వంట వంతు ఆశన్నది.
ఆ దినం గదిల ఎవ్వలు ఎవ్వలతోని మాట్లాడరు.
ఆయనకు వచ్చేది ఒక్క నీళ్ళ పప్పు,
అందుల మన మొఖం మనకు కనవడ్తది.
దాన్ని సూసుకుంట తినుడు కష్టం.

సోహార్ ఓడరేవు అవుతల రేకుల క్యాంపు.
ఎనిమిది మంచాలు, ఒక్క పొయ్యి, ఒక్క ఫ్రిజ్.
ఫ్రిజ్‌ల ఎవని డబ్బా మీద వాని పేరు,
టేపు మీద రాసి అంటిచ్చినం.
పెరుగుకు పేరేందిరా అని నవ్వినోన్ని నేనే.
పెరుగు మాయమైన్నాడు
కాలర్ పట్టినోన్ని గూడ నేనే.

పొద్దుగాల నాలుగింటికి బస్సు.
చాయ్‌ల ముంచుకున్న రాత్రి కుబ్బూస్.
పదకొండింటికి తియ్యటి కూల్ డ్రింకు డబ్బా—
గంటసేపు మనిషి గాలిపటం,
ఆ తర్వాత దారం తెగుతది.
వెల్డింగ్ రాడ్ చేతిల ఉండంగనే కండ్లల్ల నీళ్ళు.
ఏమైందంటె, పొగ అన్నం.
అందరం పొగే అన్నం.

నేను డాక్టర్ను కాదు, పైపులు అతికేటోన్ని.
అయినా అతుకెందుకు ఊడ్తదో నాకెరుక:
లోపల ఖాళీ ఉంటె
పైన ఎంత పూసినా నిలువది.

బుచ్చిరాజం సరిగ్గ మాట్లాడక నలభై దినాలు.
ఇంటికి ఫోన్ చేస్తడు. తిన్నవా అంటె తిన్న అంటడు,
టేపు పెట్టి కోసినట్టు, దినాం అంతే పొడుగు మాట.
మంచం కింద బిస్కెట్ పుడల కాయిదాలు.
రాత్రి ఒంటిగంటకు ఆ కాయిదం చప్పుడు
మేమందరం ఇన్నం.
ఇన్నట్టు ఎవ్వలం చెప్పలె.

సెలవు మీద పోయిన సాయిలు
మందుగోలీల సంచిల దాచి తెచ్చిండు
పిడికెడు పుంటికూర ఇత్తులు.
తలుపు ముంగట పెయింటు బక్కెట్,
దానికి ఏసీ నుంచి కారే నీళ్ళే వాన.
మొలిసిన ఆకు మేకపిల్ల చెవంత లేదు.
దానికి గూడ పంచాయితి వెట్టుకున్నం,
ఎప్పుడు తెంపాలె, ఎవ్వలు వండాలె అని.

శుక్రవారం. వంతు నాది.
ఎనిమిది మందికి గుప్పెడు ఆకు సాలదు,
ఆశన్న పప్పులనే ఏసిన.
ఎల్లిపాయ, ఎండుమిరప పోపు.
పక్క గది పఠాన్ తలుపుల నిలవడి
దగ్గుకుంట నవ్విండు.

బుచ్చిరాజం పై మంచం దిగిండు.
ఒక్క ముద్ద. దవడలు గుంజినయి.
కండ్లు మూసి, చానసేపు మూసే ఉంచి,
"ఉప్పు తక్కువైంది" అన్నడు.

ఎవ్వలం నవ్వలె.
ఆశన్న లేచి ఉప్పు డబ్బా అందిచ్చిండు,
అతని చేతికి కాదు, ఇంచుమించు రెండు చేతులతోని.
అప్పుడు మొదలువెట్టిండు ముచ్చట—
అప్పు గురించి కాదు, ఏజెంట్ గురించి కాదు,
చిన్నప్పుడు అన్న సైకిల్
ఎవ్వలో ఆరవోసిన మిరపకాయల కుప్పలకు పోయిన కథ.
ఇద్దరన్నదమ్ములు ఊరంత తుమ్మిన కథ.
పదకొండు దాటింది. లైట్ ఎవ్వలు బంద్ చెయ్యలె.

తెల్లారి మళ్ళ శనివారం, మళ్ళ నీళ్ళ పప్పు.
బుచ్చిరాజం మళ్ళ గోడ దిక్కు తిరిగిండు.
ఒక్క కూరతోని మనసు కుదురుతదని నేనన్లె,
అంటె అబద్ధం.

ఆదివారం చీకట్ల బస్సు ఎక్కేముందు
బక్కెట్ తాన వంగి ఉన్నడు,
తెంపిన మోడును ఫోన్ లైటుతోని సూసుకుంట.
సీట్ల కూసున్నంక,
ఎవ్వలూ అడగకముందే,
"ఐదు ఇగుర్లు" అన్నడు.