తూర్పు పక్కింటికి నోటీసు

ఫారంలో ఏడో గడి అడుగుతోంది:
కూల్చివేత సంగతి ఇరుగుపొరుగుకి ముందే తెలియజేశారా?

పడమటింట్లో బార్నబీ ఉన్నాడు. సంతకం పెట్టాడు,
దుమ్ము పడే రోజుల్లో పావురాల గూటికి పరదా కడతానన్నాడు.
ఉత్తరాన కారవాన్ల మైదానం.
దక్షిణాన రోడ్డు, కొంత దూరం పోయి
ఇక చాల్లే అనుకుని ఆగిపోయిన రోడ్డు.
తూర్పున పద్నాలుగో నంబరు ఇల్లుండేది.
ఇప్పుడక్కడ ఉత్తర సముద్రం కాపురముంటోంది.

ఖాళీ వదిలితే కౌన్సిల్ వాళ్ళు కాగితం తిప్పి పంపుతారు.
పెన్సిలుతో రాశాను: సముద్రం.
సంతకం దొరకలేదు.

టేపు ఒక కొస ఎనిడ్ హార్డ్‌కాసిల్ పట్టుకుంది,
వంటింటి గుమ్మంలో నిలబడి.
రెండో కొసతో నేను ఎర్ర మేకు దాకా నడిచాను.
దాన్ని దాటకూడదన్న నియమం నేను రాసిందే,
దాటాలనిపించిందీ నాకే.
పోయిన నెల పదకొండు మీటర్లు.
ఇవాళ, మేకు నుంచి అంచుకి రెండూ కలుపుకుని, తొమ్మిదింబావు.
"ఎంత?" అని గాలికి ఎదురుగా అరిచింది.
చెప్పాను.
"అడుగులేసి చూశాన్లే, నాకూ అంతే వచ్చింది" అంది.

అలలు కూల్చేలోగా మనమే కూల్చాలి.
అలలకి ఆస్‌బెస్టాస్ సంగతి తెలియదు.
గరాజు మీద ముడతల రేకులు పద్దెనిమిది,
చూస్తే అమాయకం, విరిగితే
ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుని కూర్చునే రకం.
ఒక్కో రేకునీ తడపాలి, మరలు విప్పాలి,
విరగనీయకుండా దించాలి,
పురిటిబిడ్డని పొత్తిళ్ళలో చుట్టినట్టు
ప్లాస్టిక్కులో రెండుసార్లు చుట్టాలి.
ఆ పని చేసే మనుషులు వేరు, లైసెన్సు వేరు, లారీ వేరు.

లెషెక్ యంత్రం ఎనిమిది టన్నులు.
ఈ బంకమట్టి ఎంతవరకు మోస్తుందో
మట్టికే తెలియదు.
అందుకని అతను పడమట నిలబడి
ఇంటిని తనవైపు లాక్కోవాలి, మొండికేసిన దూడని లాగినట్టు.
పెంకులూ చిమ్నీ ముందే చేత్తో దించాలి.
ఒక్క ఇటుకా తూర్పుకి పడకూడదు.
ఎనిడ్ ఇదంతా విని, "మరి గోడగడియారం మేకు?" అనడిగింది.
ఏం చెప్పాలో తోచక రాసుకున్నాను.

కరెంటు వాళ్ళు స్తంభం దగ్గర తీగ తెంచి
ధ్రువపత్రం ఇచ్చి వెళ్ళారు.
కాగితాన్ని నమ్మకు, టెస్టరుని నమ్ము అనేవాడు
నాకు పని నేర్పిన మేస్త్రీ.
ప్రతి ప్లగ్గులోనూ పెట్టి చూశాను.
హాలు, చచ్చింది. పడగ్గది, చచ్చింది. వంటిల్లు, అదీ.
గరాజు మూల, పెయింటు డబ్బాల వెనక ఉన్నది
వెలిగింది.

పొదల కిందుగా తవ్వుకుంటూ పోయాం.
నల్లటి వైరు, బురదలో పాములా
బార్నబీ షెడ్డులోకి దూరింది.
"తుఫాను రాత్రి," అన్నాడతను టోపీ తీసి,
"ఆవిడ ఫ్రీజరు కరిగిపోతోందని."
ఏ తుఫాను?
"పంతొమ్మిదేళ్ళయింది."
ఎనిడ్ సముద్రం వైపు చూస్తోంది.
ఫ్రీజరు ఎప్పుడో అమ్మేసిందట.
తీగ తీయించమని ఈవిడ అడగలేదు, ఆయనా అనలేదు.
బిల్లు మాత్రం పంతొమ్మిదేళ్ళూ ఆయనే కట్టాడు,
ఏమీ వెలిగించని ఆ ప్లగ్గుకి.

ప్లాన్లో ఒక వరస చేర్చాను:
రెండో సరఫరా గుర్తించబడింది. మూలం, పడమటి ఇల్లు.
అంతకంటే రాయడానికి గడిలో చోటు లేదు.

ఆయన తన వైపు స్విచ్చు ఆపాడు.
నేను మూడుసార్లు పరీక్షించాను,
నాలుగోసారి ఎనిడ్ టెస్టరు అడిగి తీసుకుని తనే పెట్టి చూసింది.
వెలగలేదు.
"సరే" అంది. గ్లవ్స్ విప్పి నా చేతిలో పెట్టింది.

సాయంత్రం కౌన్సిల్ నుంచి ఫోను:
తూర్పు పక్కింటివారి జవాబు వచ్చిందా?
వస్తోందన్నాను.

బార్నబీ వైరుని మోచేతికి చుట్టలు చుట్టలుగా చుట్టుకుని
కంచె దాటి వెళ్ళిపోయాడు.
అంత పాత తీగ ఎందుకని లెషెక్ అడగబోతే
కాలు తొక్కాను.
వ్యర్థాల పట్టికలో అప్పటికే రాసిపెట్టి ఉంది:
రాగి తీగ, ముప్పై ఒక్క మీటర్లు.
కొట్టేశాను.