చెక్క గుర్తులు

మా టంగుటూరులో ఈ గుడిని
మొదట చూసినోళ్ళంతా పొగాకు బేరన్ అనుకున్నారు.
పచ్చాకు బండి తోలుకొచ్చి
గుమ్మం ముందు కాడి దించినోడూ ఉన్నాడు.

గంట గోపురం లేదు. సున్నం లేదు.
రంగుటద్దాల్లో గొర్రెపిల్ల లేదు.
నాలుగు బూడిదరంగు గోడలు,
పడమటి గోడకి కత్తిపీటతో కోసినట్టు
నిలువునా ఒక చీలిక.
నాలుగున్నరకి అందులోంచి దిగే ఎండ
ఆడవాళ్ళ చాపల మీద నడిచి
మెల్లగా మగవాళ్ళ వైపు పోయేది.

"పూత ఎప్పుడు పెడతారు?" అంటే
మద్రాసు ఇంజినీరు
"అయిపోయిందండీ" అన్నాడట.
సంఘపెద్ద జెబదయ్య
మూడాదివారాలు కానుక వెయ్యలేదు.

సెంట్రింగ్ మా నాన్నది, జక్కరయ్య మేస్త్రిది.
డబ్బు చాలక
పాకల ఒడ్డున పగిలిన పడవల చెక్కలు
లారీకెత్తించి తెచ్చాడు.
స్లాబు రోజు తెల్లార్లూ
చేతి నుంచి చేతికి తట్టలు.
మా అమ్మ మెడ వారం దాకా తిరగలేదు.
ఇరవై ఒక్క రోజులు గోనెపట్టాలు తడిపింది నేను.
గోడకి దాహం తీర్చడం
తొమ్మిదేళ్ళప్పుడు నా ఉద్యోగం.

చెక్కలు ఊడదీస్తే
గోడంతా చెక్కే.
ఈనెలు, కణుపులు, మేకు తలలు,
ఉప్పు తిన్న చోట సొట్టలు.
ప్రార్థనలో దొంగగా కళ్ళు తెరిస్తే
పడవ కడుపులో కూర్చున్నట్టుండేది.

సలోమి పెళ్ళినాడు
దాని చేతి అద్దం పట్టుకుని
నా జడ సర్దుకుంటుంటే
భుజం మీదుగా అద్దంలోకి వచ్చాయి
ప్రసంగ పీఠం వెనక ఉబ్బెత్తు గీతలు,
ఇన్నేళ్ళూ పిచ్చిగీతలనుకున్నవి.
తిరగబడి
అక్షరాలయ్యాయి:
గంగమ్మ.

ఏ పట్టపోళ్ళ పడవో.
ఏ ఉలి చెక్కిన మొక్కో.

నాన్ననడిగాను.
"నాకు చదువు రాదు గదమ్మే" అన్నాడు
బీడీ నేలకి రాసి ఆర్పుతూ.
నా బలపం లాక్కుని
రోజూ లెక్కలు రాసుకున్న మనిషి.

ఇప్పుడు కమిటీ
ఆ గోడకి చీమకుర్తి నల్లరాయి వేద్దామంటోంది.
ముఖం కనపడేంత నునుపట,
మధ్యలో బంగారు అంచు సిలువ.
ఒప్పుకున్నోళ్ళు చేతులెత్తమన్నారు.

నా చేయి ఒళ్ళోనే ఉంది.
గోడనే చూస్తున్నాను.
వానలు పడితే అక్కడే, ఆ ఒక్క చెక్క మేర
ఉప్పు తెల్లగా పొంగుతుంది.
తుడుస్తాను.
మళ్ళీ పొంగుతుంది.