లోకల్ / రిమోట్

రాత్రి రెండూ నలభై.
నా చెయ్యి టీ గ్లాసు మీద ఉంది.
తెర మీద బాణం మాత్రం
తనంతట తాను కదిలింది.

మౌస్ పాడైందేమోనని తిరగేసి చూశాను.
కింద ఎర్ర దీపం కుదురుగానే ఉంది.
బాణం మళ్ళీ కదిలింది
తొందరేమీ లేకుండా,
అద్దెకు దిగబోయేవాడు గదులు చూసుకున్నట్టు:
ఓటేరి ఫీడరు, పుళియంతోపు ఫీడరు,
కాశిమేడు ఐస్ ఫ్యాక్టరీల ఫీడరు.

మా కంచెకి పుర్రె బొమ్మ ఉంది,
కింద తమిళంలో అపాయమని రాసుంది.
అది కాళ్ళతో వచ్చేవాళ్ళనే భయపెడుతుంది.
గేటు దగ్గర కుక్క లేవలేదు.
వాసన లేని మనిషిని
అదేం పసిగడుతుంది?

పాస్‌వర్డు నేనెవరికీ చెప్పలేదు.
మానిటరు అంచున పసుపు చీటీ మీద ఉంది, అంతే.
నాకు ముందున్న సెల్వకుమార్ రాసి అంటించి పోయాడు.
జిగురు ఊడినప్పుడల్లా
టేపు వేసింది నేనే.

ఓటేరి దగ్గర ఎరుపు
ఆకుపచ్చగా మారింది.
మా లోకంలో ఆకుపచ్చంటే చీకటి.
యార్డులో బ్రేకరు ఢాం అంది.
కిటికీలోంచి ఊరి వెలుగు
ఒక పెచ్చు ఊడిపోయింది.

మునిరత్నం లేచాడు,
వచ్చే నెల రిటైరయ్యే మనిషి.
ఆ చప్పుడుకి కాదు,
ట్రాన్స్‌ఫార్మరు హోరు పిసరంత మారినందుకు.
ముప్పై నాలుగేళ్ళు ఆ శ్రుతిలోనే కునుకు తీసినవాడు.
"ఎవురుమ్మా తీసింది?"
ఎవరూ కాదన్నాను. అది నిజం.
ఎవరో అన్నాను. అదీ నిజమే.

ఇంకేమీ అడగలేదు.
టార్చీ, తాళాల గుత్తీ అందుకుని
బూట్ల లేసులు కట్టకుండానే
కంకర మీద పరుగు.
ఒక్కో పెట్టె తలుపు తెరిచి
బొటనవేలంత పిడిని
రిమోట్ నుంచి లోకల్‌కి తిప్పాడు.
టక్.

తెర మీద బాణం కాశిమేడుని నొక్కింది.
ఏమీ కాలేదు.
మళ్ళీ నొక్కింది,
మూసేసిన కొట్టు తలుపు
పొరుగూరివాడు తట్టినట్టు.

ఎక్కడ కూర్చున్నాడో,
అక్కడ పగలో, భోజనం వేళో.
నాకు కనిపించింది వాడి ఓపిక ఒక్కటే.
కాసేపు మేమిద్దరం
ఒకే బాణాన్ని చెరో కొసా పట్టుకున్నాం.
ఆ తర్వాత నేను వైరు పీకేశాను.

ఓటేరికి పద్నాలుగు నిమిషాలు చీకటి.
దోమలు పీకుతున్నాయి, బిల్లు కట్టడం లేదా మేమని
ఫోనులో ఒకావిడ తమిళంలో తిట్టింది.
చెట్టుకొమ్మ పడిందమ్మా అన్నాను.
ఆకు కదలని రాత్రి.

పొద్దున పై ఆఫీసు నుంచి ముగ్గురొచ్చారు,
మెడల్లో కార్డులు, ఒళ్ళో లాప్‌టాపులు.
ఫారంలో ఒక గడి:
చొరబాటు ఎలా ఆగింది?
మునిరత్నం వేళ్ళ గ్రీజు తుడుచుకుంటూ
"తిప్పితిని" అన్నాడు.
దాన్నెలా రాయాలో వాళ్ళకి తెలియలేదు.

ఈ వేళకి కాశిమేడులో
చేపల మీద ఐసు పోస్తూ ఉంటారు.
పసుపు చీటీ నా జేబులో ఉంది.
చింపలేదింకా.
జిగురు వేలికి అంటుతూనే ఉంది.